ఆదివారం చొక్కా

ఆ ఇంట్లో ఉన్న పద్నాలుగు మంది పిల్లలకీ ఆదివారం నాడు తొడుక్కోవడానికి ఒకటే చొక్కా.

లేత నీలం రంగుది, తెల్ల కాలరు. ఆడపిల్లకి వేసినా మగపిల్లాడికి వేసినా ఎవరూ వేలెత్తి చూపలేని రకం. వారమంతా పెద్దమ్మ బీరువాలో ఉంటుంది. ఆదివారం పొద్దున పదింటికి బయటికొస్తుంది. ముందుగదిలో నాలుగు గోడలుంటే ఒక్క గోడకే రంగు వేయించారు. ఆ గోడ ముందు కుర్చీ, కుర్చీ ముందు బల్ల, బల్ల మీద నాలుగు పుస్తకాలు, వాటికి ఆనించి ఫోను. పిల్లలు వసారాలో వరసగా నిలబడతారు. ఒకడు లోపలికెళ్ళి చొక్కా తొడుక్కుని దూరాన ఉన్న అమ్మతో రెండు నిమిషాలు మాట్లాడి, బయటికొచ్చి విప్పి తర్వాతి వాడికిస్తాడు. ఆరేళ్ళ వాడికది మోకాళ్ళు దాటుతుంది. పదమూడేళ్ళ దానికి గుండీలు పట్టవు. వదులైతే వెనక పిన్నీసులు పెడుతుంది పెద్దమ్మ, బిగుతైతే ఊపిరి బిగబట్టమంటుంది. ఫోనులో కనిపించేది ఛాతీ వరకే. కింద ఏ చిరుగుల లాగు ఉంటే ఎవడు చూడొచ్చాడు?

చివరి పిల్ల వంతు వచ్చేసరికి ఆ చొక్కా పదమూడు మంది చెమటకి తడిసి ముద్దయ్యేది. తొడుక్కోబోతూ ఆ పిల్ల ముక్కు మూసుకునేది. సాయంత్రం దాన్ని ఉతికి ఆరేసే పని వంటావిడది.

వంటావిడకి ముక్కు మీద కోపం. ఆ ఇంట్లో ఏడాదిన్నర నుంచి వండుతూ, ఆ కోపాన్ని గరిటె మీదా గిన్నెల మీదా చూపించుకుంటూ నెట్టుకొచ్చింది. అక్కడ ఏది చూసినా ఆమెకి రోతే. పదిసార్లు కాచి నల్లబడిన నూనె రోత. బియ్యంలో ఎంత ఏరినా తరగని పురుగులు రోత. పిల్లలు పడుకునే గదిలో చాపల కిందినుంచి వచ్చే ఉచ్చ కంపు రోత. అన్నిటికంటే పెద్దమ్మ నవ్వు రోత.

పెద్దమ్మ అంటే వాళ్ళలో ఏ ఒక్కరికీ పెద్దమ్మ కాదు. అలా పిలవాలని ఆమే ఆర్డరు వేసింది. ఆమె తమ్ముడు మేస్త్రీ. చుట్టుపక్కల ఊళ్ళలో పనుల్లేని మొగుడూ పెళ్ళాల్ని పోగుచేసి, రెండు రోజుల ప్రయాణం దూరంలో, రేవు పక్కన చేపలు కోసి ఐసులో పెట్టే ఫ్యాక్టరీకి తోలుకెళ్ళడం అతని పని. "పిల్లల గురించి బెంగెందుకు? మా అక్క లేదూ? కన్నతల్లికంటే ఎక్కువ చూసుకుంటుంది" అని అందరికీ అదే మాట చెప్పేవాడు. తమ్ముడు తల్లిదండ్రుల్ని పట్టుకుపోతే, అక్క పిల్లల్ని పట్టుకుంది. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకాలు ఇద్దరూ.

ఆ మాటకొస్తే వంటావిడా పిల్లని వదిలి వచ్చిందే. మొగుడు పోయాక పదేళ్ళ కూతుర్ని ఆడపడుచు దగ్గర పెట్టి, రెండు బస్సులు మారి ఇక్కడికొచ్చి వంటకి కుదిరింది. ప్రతి బుధవారం పదకొండింటికి, కూరలు పొయ్యి మీదికెక్కాక, ఫోను చేసేది. బాగున్నావా, బాగున్నా. అత్త మాట వింటున్నావా, వింటున్నా. సరే ఉంటా. అరనిమిషం కూడా పట్టేది కాదు. కూర మాడిపోతుందని ఆమె తొందర.

పిల్లల్లో ఎనిమిదేళ్ళది ఒకతి ఉండేది. దేనికైనా "ఏంటీ?" అని అడుగుతుందని మిగతా పిల్లలు దాన్ని ఏంటిపిల్ల అనేవాళ్ళు. పిలిస్తే పలకదని పెద్దమ్మ దానికి పొగరనేది. ఒక ఆదివారం తల దువ్వుతూ ఉంటే వంటావిడకి కుళ్ళిన వాసన కొట్టింది. జుట్టు పక్కకి తీసి చూస్తే కుడిచెవిలోంచి పసుప్పచ్చని చీము దారం కట్టి కారుతోంది. వంటావిడ మొహం పక్కకి తిప్పుకుంది. తిప్పుకున్నందుకు సిగ్గేసింది కూడా.

వెంటనే వెళ్ళి పెద్దమ్మకి చెప్పింది.

"పిల్లల చెవులన్నాక కారవా? మామూలే. కాస్త దూది పెట్టు" అంది పెద్దమ్మ.

"మామూలు వాసన కాదమ్మా. ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. మీరు పంపిస్తే నేనే తీసుకెళ్తా."

"ఆస్పత్రికి తీసుకెళ్తే తల్లికి తెలుస్తుంది. తెలిస్తే అక్కడ పని మానుకుని ఏడుస్తూ కూర్చుంటుంది. మా తమ్ముడికి మాటొస్తుంది. వంటమనిషివి, వంట చూసుకో."

వంటావిడ వంటే చూసుకుంది. చూసుకుంటూ రోజూ చెవిలో దూది పెట్టింది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మందుల షాపువాణ్ణి అడిగితే, సొంతవాళ్ళు ఒప్పుకోకుండా పరాయి పిల్లని ఆస్పత్రిలో చూడరన్నాడు. తల్లి ఫోను నంబరు పెద్దమ్మ దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదు. ఆ చెవి పూర్తిగా పోకముందే తల్లి నోటినుంచి ఒక్క మాట రావాలి. రెండు నెలలపాటు వంటావిడకి ఇంకో ఆలోచన లేదు.

ఏంటిపిల్లే చెప్పొచ్చుగా అంటారేమో. ఫోనుకి ఎదురుగా పెద్దమ్మ స్టూలేసుకుని కూర్చునేది. బాగున్నా, బాగా తింటున్నా, బాగా చదువుకుంటున్నా. ఈ మూడు ముక్కలు తప్ప నాలుగోది నోట్లోంచి వస్తే, ఆ మాట అన్నవాడికి ఆ పూట అన్నం లేదు.

ఆలోచించి ఆలోచించి, ఒక ఆదివారం వంటావిడ తనకే రోత పుట్టే పని ఒకటి చేసింది. ముందు తల దువ్వడం అయిపోయిందన్న వంకతో ఏంటిపిల్లని వరసలో మొదట నిలబెట్టింది. చొక్కా తనే తొడిగింది. తొడుగుతూ చెవిలో దూది తీసేసి, తెల్ల కాలరుని పైకి లాగి చెవికి అదిమింది. చేతికి వెచ్చగా తగిలింది. రూపాయి బిళ్ళంత మరక పడింది, మధ్యలో పసుపు, చుట్టూ గోధుమ రంగు. పెద్దమ్మకి కళ్ళజోడు పెట్టుకుంటే వయసు తెలిసిపోతుందని భయం. కాబట్టి ఆమెకి కనిపించలేదు.

అక్కా తమ్ముళ్ళిద్దరూ ఇన్నాళ్ళూ పట్టించుకోని సంగతి ఒకటుంది. చొక్కా ఒక్కటే. దాన్ని ఇక్కడ పద్నాలుగు మంది పిల్లలు వరసలో నిలబడి తొడుక్కుంటే, అక్కడ ఒకే షెడ్డులో, ఒకే ఫోను ముందు, వాళ్ళ పద్నాలుగు మంది తల్లులూ వరసలో నిలబడే చూస్తారు. ఒకరి భుజం మీదినుంచి ఒకరు చూస్తారు. ఇంత తెలివైనవాళ్ళకి అది తట్టలేదు. మరక లేనంతకాలం గొడవ రాలేదు మరి. ఇప్పుడు మరక ఉంది.

వంటావిడ వంటింటి తలుపు చాటునుంచి విన్నది.

"అమ్మడూ, కాలరుకి ఏంటే అది?" అంది ఏంటిపిల్ల తల్లి.

"ఏంటీ?" అంది ఏంటిపిల్ల.

"ఏం లేదులే" అంది తల్లి.

రెండో పిల్లాడు తొడుక్కోనని మొరాయించాడు. "ఛీ, కంపు" అన్నాడు. వంటావిడ వాడి వీపు మీద ఒక్కటి వేసి తొడిగింది. వాడి తల్లి కూడా, "నీ కాలరుకేంట్రా?" అంది. మూడో తల్లీ అడిగింది. చెమట మరకేమో అనుకుని పెద్దమ్మ పట్టించుకోలేదు. నాలుగో తల్లి అడగబోయి ఆగిపోయింది. ఐదో పిల్లాడి దగ్గర్నుంచి ఎవరూ అడగలేదు. అవతల షెడ్డులో అప్పటిదాకా వినిపించిన మాటలూ నవ్వులూ ఆగిపోయాయి. ఇంకొకరి పిల్ల చీముని పదమూడు మంది మెడలకి పూసినందుకు వంటావిడకి తన చేతులు తనకే అసహ్యమనిపించాయి. సబ్బుతో నాలుగుసార్లు కడుక్కుంది. అయినా లోపల సంబరంగానే ఉంది. రేపో ఎల్లుండో తల్లులు మూకుమ్మడిగా విరుచుకుపడతారు, కొంప మునుగుతుంది, మునగనీ అనుకుంది.

సోమవారం ఫోను రాలేదు. మంగళవారం రాలేదు. గురువారం మేస్త్రీ లారీలో ఒక మూట వచ్చింది.

విప్పితే పద్నాలుగు చొక్కాలు. అన్నీ లేత నీలం రంగువే, అన్నిటికీ తెల్ల కాలర్లే. ఒక్కో చొక్కాకి ఒక్కో కాగితం ముక్క గుచ్చి, ఏ పిల్లకి ఏదో రాసి ఉంది. తల్లులందరూ కలిసి కొని పంపించారట. ఆ కాగితాల మీద చెవి గురించి గానీ మరక గురించి గానీ ఒక్క అక్షరం లేదు.

"చూశావా, ఎంత మంచి తల్లులో! నాకు పని తగ్గించారు" అంటూ పెద్దమ్మ ఒక్కో చొక్కానీ దులిపి, మురిసిపోతూ మడతపెట్టింది.

వంటావిడ పెరట్లోకి వెళ్ళి గోడ పట్టుకుని వాంతి చేసుకుంది. ఇదేం మనుషులు? కళ్ళకి కట్టినట్టు చూపిస్తే, కళ్ళు మూసుకోవడానికి గుడ్డ పంపిస్తారా? పెద్దమ్మదంటే వ్యాపారం. వీళ్ళకేం వచ్చింది? వీళ్ళవి కన్న కడుపులు కావా?

ఆ ఆదివారం పద్నాలుగు మందీ తళతళలాడుతూ వసారాలో నిలబడ్డారు. ఏంటిపిల్ల వంతు వచ్చింది. వంటావిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి, పుస్తకాల ముందున్న ఫోను తీసుకుని, స్నానాల గదిలోకి వెళ్ళి గడియ పెట్టేసుకుంది. పెద్దమ్మకి స్టూలు మీదినుంచి లేవడానికే కొంచెంసేపు పట్టింది.

ఫోనులో ఒక బక్కపలచని మనిషి కనిపించింది. వేళ్ళకి గుడ్డపీలికలు చుట్టుకుని ఉంది. వెనక గోడకి ఆనుకుని వరసగా ఆడవాళ్ళు.

"అమ్మాయ్, నేనిక్కడ వంట చేసేదాన్ని" అంది వంటావిడ. "నీ కూతురి చెవి కారుతోంది. చీము. రెండు నెలలైంది. ఆ చెవికి వినపడటం లేదు. ఆస్పత్రికి తీసుకెళ్తాను, నువ్వొక్క మాట చెప్పు చాలు."

అవతలి మనిషి ఉలిక్కిపడలేదు.

"తెలుసక్కా" అంది.

"ఏం తెలుసు?"

"చెవి సంగతి. రెండు నెలలు కాదు, అంతకుముందు నుంచే. ఎప్పుడూ ఎడమచెవే ఫోనుకి తిప్పి వింటోంది. కన్నదాన్ని, నాకు తెలీదా?"

"తెలిసి నోరు మూసుకున్నావా?"

"ఇక్కడ ఇరవై మందిమి ఒక బ్యాచ్ అక్కా. అందరికీ కలిపి ఒకటే ఒప్పందం. ఒకరు మధ్యలో వెళ్ళిపోతే మిగతా పంతొమ్మిది మందినీ ఆ రోజే పంపించేస్తారు. తెలుసని నోటితో అన్నాననుకో, బయల్దేరాలి. బయల్దేరితే వీళ్ళందరి నోట్లో మట్టి కొట్టినట్టే."

"మావాడికి ఒళ్ళంతా గజ్జి. గోక్కుంటూనే మాట్లాడతాడు. నేనేమన్నా అన్నానా?" అంది వెనకనుంచి ఒకావిడ.

"మా దానికి పన్నెండేళ్ళొచ్చినా ఇరవై కిలోలు కూడా లేదు. నేనన్నానా?" అంది ఇంకొకావిడ, ఏదో పోటీలో గెలిచినట్టు.

"చొక్కా సంగతి కూడా మొదటి వారమే తెలుసక్కా" అంది తల్లి. "ఎవరికి వాళ్ళం తెలీనట్టే ఉన్నాం. మొన్న మరక చూశాక ఒకరి మొహాలొకరు చూసుకోలేకపోయాం. అందుకే కొని పంపాం."

"చెవికి చొక్కా తొడుగుతారటే!" అని అరిచింది వంటావిడ. బయట పెద్దమ్మ తలుపు బాదుతోంది.

తల్లి కళ్ళలోంచి నీళ్ళు కారాయి, మొహం మాత్రం కదల్లేదు. అది కూడా అలవాటైన పనిలాగే ఉంది. "నువ్వు తీసుకెళ్ళక్కా. అడిగితే నువ్వే తల్లినని చెప్పు. ఏమన్నారో నాకు మాత్రం చెప్పకు" అని, వెనకనున్న మనిషికి ఫోను ఇచ్చేసింది. ఆవిడ కంగారుగా, "మా వాణ్ణి పిలువమ్మా, టైమైపోతోంది" అంది.

వంటావిడ గడియ తీసింది.

"మూట సర్దుకుని పో" అంది పెద్దమ్మ, మొహం కందగడ్డలా చేసుకుని.

"పోతాలే. రేపు పొద్దున దీన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళి, తెచ్చి నీ గుమ్మంలో దింపి మరీ పోతా. అడ్డొచ్చావంటే నీ చొక్కాల భాగోతం బస్సులో ఎక్కినవాడికీ దిగినవాడికీ చెప్తా." ఏడాదిన్నరలో ఆమెని 'నువ్వు' అనడం అదే మొదటిసారి. పెద్దమ్మ అడ్డు రాలేదు. ఆమెకి భయం వేసింది పిల్ల గురించి కాదు, బస్సు గురించి.

ఆస్పత్రిలో చీటీ రాసేవాడు, "ఏమవుతావు?" అన్నాడు. "తల్లిని" అంది వంటావిడ. ఇంకేమీ అడగలేదు.

డాక్టరు దీపం వేసి చెవిలోకి చూసి, సన్నటి పట్టకారు లోపల పెట్టి, నల్లటి ముద్ద ఒకటి బయటికి లాగాడు. అది దూది. ఇంకోటి లాగాడు. దాని వెనక ఇంకోటి. ఏడు ముద్దలు పళ్ళెంలో పడ్డాయి. గదంతా కంపు. పాతది బయటికొచ్చి ఎక్కడో పడిపోయిందనుకుని, దాని మీద కొత్తది పెడుతూ వచ్చింది వంటావిడే. ఏంటిపిల్ల ఏడవలేదు. ఎవరైనా ఏమైనా చేస్తుంటే కదలకూడదని దానికి బాగా తెలుసు.

"ఎవరు పెట్టారిది? చీము బయటికి పోయే దారి మూసేస్తే లోపలంతా కుళ్ళదా?" అన్నాడు డాక్టరు. "కర్ణభేరి పోయింది. ఈ చెవి ఇంక రాదు. రెండోదన్నా కాపాడుకోండి. కన్నతల్లివేనా నువ్వు? ఇంత కంపు కొడుతుంటే రెండు నెలలు ముక్కు మూసుకుని కూర్చున్నావా?"

ఆ తిట్లు తనవే అనిపించాయి వంటావిడకి. నేను తల్లిని కానని ఒక్క మాటంటే అవి తన మీదినుంచి జారిపోయేవి. అనలేకపోయింది.

"నాలుగు రోజులు బడికి పంపకండి. చెవిలో నీళ్ళు పోకుండా చూడండి" అని చుక్కలమందు రాసిచ్చాడు.

బడి అన్న మాట దగ్గర వంటావిడ ఆగిపోయింది. ఇది సోమవారం, పొద్దున పదకొండు. ఏంటిపిల్ల బడి మానబట్టి ఇక్కడుంది. మరి బుధవారం పదకొండింటికి తన కూతురు ప్రతివారం ఫోను ఎలా ఎత్తుతోంది? బడి ఉన్న వేళ ఇంట్లో ఏం చేస్తోంది? ఏడాదిన్నర నుంచి ఈ ప్రశ్న తనకి రాలేదా, రానివ్వలేదా? ఆ తల్లులకి ఇరవై మంది బ్యాచ్ అడ్డం ఉంది. తనకి అడ్డం ఏముంది, మాడిపోయే కూరా?

ఏంటిపిల్లని తీసుకొచ్చి, ఎలా వదిలిపెట్టాలో తెలియక, చివరికి అదే గుమ్మంలో వదిలిపెట్టింది. తనతో తీసుకుపోయే హక్కు లేదు. చుక్కలు ఎలా వెయ్యాలో పదమూడేళ్ళ పిల్లకి మూడుసార్లు చూపించింది. "రామ్మా, రా బంగారం" అంటూ పెద్దమ్మ ఎదురొచ్చి ఏంటిపిల్ల తల నిమిరింది. వంటావిడకి మళ్ళీ రోత పుట్టింది. ఈసారి అది ఎవరి మీదో ఆమెకి స్పష్టంగానే తెలుసు. మూట చంకన పెట్టుకుని, వెనక్కి చూడకుండా బస్సెక్కింది.

మర్నాడు మధ్యాహ్నం ఆడపడుచు ఇంటికి చేరింది. ముందు తలుపు తాళం వేసి ఉంది. పెరటివైపు తిరిగి వెళ్ళింది. సిమెంటు తొట్టి నిండా నురగ, పక్కన లాడ్జి ముద్ర వేసిన తెల్ల దుప్పట్ల గుట్ట. గాలి పీలిస్తే బ్లీచింగ్ ఘాటుకి కళ్ళు మండాయి. తొట్టి పక్కన పీట మీద కూర్చుని కూతురు దుప్పటి పిండుతోంది. ఆడపడుచు లాడ్జికి ఉతికిన గుడ్డలు ఇవ్వడానికి వెళ్ళినట్టుంది.

పిల్ల తలెత్తి చూసింది. సంతోషపడటానికి ముందు భయపడింది. చేతులు గబుక్కున వెనక్కి పెట్టుకుంది.

"నీకెవరు చెప్పారమ్మా?" అంది.

వంటావిడ ఆ చేతులు ముందుకి లాగింది. వేళ్ళ చివర చర్మం లేదు. అరచేతులు తెల్లగా నాని, పగిలి, పగుళ్ళలో ఎర్రగా ఉన్నాయి. రెండు గోళ్ళు ఊడిపోయాయి.

"ఎవరూ చెప్పలేదే" అంది. అబద్ధమాడటానికి నోరు రాలేదు. "నాకు తెలుసు."

పిల్ల కోపంగా కాదు, నిజంగానే అర్థం కాక అడిగింది.

"తెలిస్తే మరి ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదు?"

పద్నాలుగు మంది తల్లులు చెప్పుకోగలిగిన కారణాలన్నీ వంటావిడకి తెలుసు. వాటిలో ఒక్కటీ ఈ పిల్ల మొహం చూస్తూ చెప్పడానికి పనికొచ్చేది కాదు. చేతులు పట్టుకునే నిలబడిపోయింది.

పిల్ల మెల్లగా చేతులు విడిపించుకుని, మళ్ళీ వెళ్ళి పీట మీద కూర్చుంది. అత్త వచ్చేలోపు ఇంకా ఆరు దుప్పట్లు పిండాలి.